సలహా ఇచ్చిన తరువాత

ప్రయోగశాలలో ఉండవలసిన రసాయన శాస్త్రవేత్త సలహాదారుగా మారడమేమిటని మిత్రులు నన్ను పరిహాసంగా అడుగుతూ ఉంటారు. వారి ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. డాక్టరేట్ పూర్తయిన తరువాత పదేళ్లకు పైగా నీటి రసాయన శాస్త్రంలో పరిశోధన చేసి, ఆ పిమ్మట ఈ ఎమిరేట్లలో ఆసుపత్రులకు, పాఠశాలలకు, సంక్షేమ సేవలందించే సంస్థలకు నీరు, గాలి, పరిశుభ్రత విషయాలలో సలహాలిచ్చే ఒక చిన్న బృందానికి నాయకత్వం వహిస్తున్నాను. మేము ఏడుగురం. కోట్ల దిర్హాముల ఒప్పందాలతో పనిచేసే పెద్ద కన్సల్టింగ్ సంస్థల ముందు మాది తోక చుక్కపాటి కూడా కాదు. అయితే వారి వృత్తిలోనూ మా వృత్తిలోనూ ఒకే లోపం ఉన్నదని నాకు కొన్నేళ్లుగా అనిపిస్తున్నది. సలహా ఇచ్చినవాడు తిరిగి వచ్చి చూడడు. ఆ సంగతిని గురించి నా అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట నా తప్పే చెప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం ఒక పాఠశాల యాజమాన్యం పిల్లలు తాగే నీటిని పరిశీలించమని మమ్మల్ని కోరింది. ఇక్కడ మన ఇళ్లకూ బడులకూ వచ్చేది ప్రధానంగా సముద్రపు నీటి నుంచి లవణాలను తొలగించిన నీరు. కర్మాగారం నుంచి బయలుదేరేటప్పుడు దానికి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా భవనంలోకి వచ్చిన తరువాతనే. ఎండాకాలంలో మేడమీది ట్యాంకులో నీరు 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి నీటిలో మిగిలి ఉండవలసిన క్లోరిన్ త్వరగా హరించుకుపోతుంది. కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అది లేనప్పుడు గోరువెచ్చని నీటిలో పెరిగే లెజియొనెల్లా వంటి సూక్ష్మజీవులకు ట్యాంకు, గొట్టాలు నివాసమవుతాయి. ఆ బడిలో పదకొండు కుళాయిల నీరు పరీక్షించాం. ఏడింటిలో క్లోరిన్ జాడ లేదు. ట్యాంకుకు నీడ కల్పించాలనీ, ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లను ఫలానా వ్యవధిలో మార్చాలనీ, సెలవుల అనంతరం గొట్టాలలో నిలిచిన నీటిని పూర్తిగా వదిలివేయాలనీ 64 పుటల నివేదిక సమర్పించాం. రంగుల పటాలు, చక్కని అట్ట. యాజమాన్యం సంతోషించింది. రుసుము సకాలంలో ముట్టింది.

రెండేళ్ల తరువాత మరొక పనిమీద అదే బడికి వెళ్లాను. మా నివేదిక కార్యాలయం బీరువాలో భద్రంగా ఉంది. ట్యాంకు ఎండలో ఉంది. కార్ట్రిడ్జ్ మీద మేము అంటించిన చీటీ అలాగే ఉంది, మా తేదీతోనే. ఎవరినీ నిందించలేకపోయాను. మేము సలహా చెప్పిన ప్రధానోపాధ్యాయుడు వేరే దేశం వెళ్లిపోయాడు. కార్ట్రిడ్జ్ మార్చవలసిన మనిషికి మా నివేదిక అందనే లేదు. అందినా అది ఆంగ్లంలో ఉంది. ఆయనది జగిత్యాల ప్రాంతం, చదివేది తెలుగు. ఒకే భాష మాట్లాడే ఇద్దరం ఆ భవనంలో నాలుగు రోజులు తిరిగి కూడా పనికివచ్చే మాట ఒక్కటి చెప్పుకోలేదు. ఆ రెండేళ్లూ ఆ నీరు తాగింది పిల్లలు.

నివేదిక చేతికిచ్చినంత మాత్రాన ఏమీ మారదన్నది నా ఒక్కడి అనుభవమైతే ఇంత ధైర్యంగా వ్రాసేవాణ్ణి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో అది ప్రయోగపూర్వకంగా తేలిన విషయం. 2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల సహకారంతో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఒక విస్తృత పరిశోధన ప్రారంభించారు. 500 ప్రభుత్వ పాఠశాలలను లాటరీ పద్ధతిన ఎంచి, నూరేసి బడులకు ఒక్కొక్క రకం సహాయం కల్పించి, ఒక నూరింటిని ఏ మార్పూ లేకుండా పోలిక కోసం ఉంచారు. మా ప్రయోగశాలలో ఏ కారకమూ కలపని పరీక్షనాళికను పక్కన నిలిపి ఉంచుతాం. దానితో పోల్చకుండా రంగు మారిందని చెప్పే అధికారం మాకు లేదు. ఆ క్రమశిక్షణను బడులకు వర్తింపజేసిన పని ఇది.

ఆ పరిశోధనలో భాగంగా మరొక నూరు బడులలో కేవలం సలహా మాత్రమే ఇచ్చి చూశారు. సంవత్సరారంభంలో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఏ అంశంలో వెనుకబడి ఉన్నారో వివరంగా వ్రాసి, ఆ నివేదికనూ దానిని ఉపయోగించుకునే సూచనలనూ ఉపాధ్యాయులకు అందజేశారు. ఏడాది పొడవునా మధ్యమధ్య తరగతులను పరిశీలించారు. ఒక మంచి సలహా సంస్థ చేసే పని సరిగా ఇదే. ఫలితం 2010లో ఎకనామిక్ జర్నల్‌లో ప్రకటించారు. పరిశీలకుడు గదిలో ఉన్నప్పుడు ఆ ఉపాధ్యాయులు మరింత ఉత్సాహంగా బోధించినట్లు కనిపించింది. సంవత్సరాంత పరీక్షలో మాత్రం ఆ బడుల పిల్లలకూ, నివేదిక అందని బడుల పిల్లలకూ తేడా లేదు.

విశేషమేమంటే, అటువంటి నివేదికలే మరికొన్ని బడులకు కూడా వెళ్లాయి. అక్కడ అదనంగా, పిల్లల చదువు మెరుగుపడితే ఉపాధ్యాయులకు కొంత బోనస్ ఇస్తామని చెప్పారు. అది సగటున ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు ముందున్నారు. విద్యా పరిశోధనలో ఇది చిన్న తేడా కాదు. బోనస్ ఇస్తే అన్నీ బాగుపడతాయని నేను వాదించబోవడం లేదు. ఉపాధ్యాయ వృత్తిని ఆ విధంగా తూచడం ఎంతవరకు సమంజసమన్నది వేరే చర్చ. నాకు కావలసింది ఒక్క అంశం. నివేదిక ఒంటరిగా పనిచేయలేదు. దాన్ని ఉపయోగించుకోవడానికి ఒక మనిషికి కారణం ఉన్నచోట పరిస్థితి వేరుగా ఉంది. పోలిక బడులు లేకపోయి ఉంటే, తరగతి గదిలో కనిపించిన ఉత్సాహాన్ని చూసి ఆ నూరు బడుల పథకం విజయవంతమైందని ఎవరైనా సంబరంగా వ్రాసేసి ఉండేవారు. నేనైతే వ్రాసి ఉండేవాణ్ణే.

ఇక నా శాస్త్రానికి చెందిన ఉదాహరణ చెప్పాలి. అది నల్గొండది. తెలుగు నేలమీద ఫ్లోరైడ్ పీడ కొత్తది కాదు. అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాలలో ఎముకల ఫ్లోరోసిస్‌ను గురించి 1937లోనే షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికలో ప్రకటించారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో వర్ణించారు. ఆ దశకంలోనే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరీ, బోరునీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక పద్ధతిని రూపొందించింది. దానికి తమ సంస్థ పేరు కాక జిల్లా పేరు పెట్టారు. నేటికీ ప్రపంచమంతటా పాఠ్యగ్రంథాలలో అది నల్గొండ పద్ధతి. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా దీనిని తమ అవసరాలకు అనుగుణంగా మార్చుకుని వాడి చూశారు.

దాని రసాయనం ఎంతో సులభం. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి కొన్ని నిమిషాలు తిప్పాలి. పటికలోని అల్యూమినియం జిగురువంటి హైడ్రాక్సైడ్ ముద్దగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను తనలోకి పట్టుకుంటుంది. గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైనీరు వడకట్టుకుని తాగవచ్చు. బకెట్టులో ఇంటివద్ద చేసుకోవచ్చు, ఊరంతటికీ కేంద్రంగా నెలకొల్పవచ్చు. విద్యుత్తు కూడా అంతగా అక్కరలేదు. ఒక రసాయన శాస్త్రవేత్తగా దీనిని చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

కాని కాగితంమీద ఒక చిన్న లెక్క వేయండి. పటిక మోతాదు ఫ్లోరైడ్‌నూ, నీటి క్షారతనూ బట్టి మారుతుంది. సాధారణంగా లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు పడుతుంది. అర గ్రాము అనుకుందాం. వేయిమంది ఉన్న ఊరిలో మనిషికి తాగడానికి, వంటకు పది లీటర్లనుకున్నా రోజుకు పదివేల లీటర్లు, అంటే 5 కిలోల పటిక. నెలకు 150 కిలోలు. ఏడాదికి 1,800 కిలోలు. దాన్ని కొనడానికి పంచాయతీ వద్ద డబ్బుండాలి, తూచి కలపడానికి మనిషుండాలి, ఆ మనిషి పండుగనాడూ పెళ్లినాడూ రావాలి. బోరునీటి గుణం ఋతువును బట్టి మారితే మోతాదు మార్చాలి. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, సరిగా చేయకపోతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. ఫ్లోరైడ్‌తో నిండిన ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలో కూడా ఎవరో ఒకరు నిర్ణయించాలి. ప్రయోగశాలలో ఇవన్నీ ఒక సహాయకుడు చూసుకునే పనులు. ఊరిలో ఇదే అసలు సమస్య. పద్ధతి నిర్దోషమే. దాన్ని ప్రతి ఉదయం నడిపే ఏర్పాటు మాత్రం చాలాచోట్ల నిలవలేదు.

ప్రజలు ఊరుకోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు పోటీచేసిన సంగతి పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి నీటికోసం చేసిన నిరసన అది. వారు అడిగింది మెరుగైన పటిక మోతాదు కాదు, కృష్ణా నీరు. పరిష్కారం కూడా ఆ దారిలోనే వచ్చింది. నదీజలాలను గొట్టాల ద్వారా తెచ్చే పథకాలు క్రమంగా విస్తరించాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వాటిలో అతి పెద్దది. ఒంగిపోయిన ఎముకలను ఏ పథకమూ తిన్నగా చేయలేదు, ఆ తరానికి ఆలస్యం ఆలస్యమే. ఊరివారిని మొదటనే కూర్చోబెట్టి, ఈ పని రోజూ మీలో ఎవరు చేస్తారని నిపుణులు అడిగి ఉంటే, ఆ ప్రశ్నకు వచ్చే మౌనం నుంచే సమాధానం తెలిసేదని నా అభిప్రాయం.

మనం నివసించే ఈ గల్ఫ్ ప్రాంతం సలహాదారులకు స్వర్గం. ఇందులో వ్యంగ్యం లేదు. అర్ధశతాబ్దిలో ఒక దేశాన్ని నిర్మించుకోవాలంటే తెలిసినవారిని పిలవక తప్పదు. పిలిచిన తీరులో మాత్రం తేడాలున్నాయి. పొరుగున ఖతార్ 2001లో తన పాఠశాల విద్యను పరిశీలించమని అమెరికాలోని ర్యాండ్ సంస్థను కోరింది. ఆ సిఫారసుల ఆధారంగా 2004లో స్వతంత్ర పాఠశాలలు తెరిచారు. గణితం, విజ్ఞాన శాస్త్రాలను ఆంగ్లంలో బోధించడం ఆ సంస్కరణలో ముఖ్యాంశంగా మారింది. 2012లో వాటిని తిరిగి అరబ్బీలోకి మార్చారు. ఆ ఎనిమిదేళ్లలో ఒక తరం పిల్లల ప్రాథమిక విద్య మొత్తం గడిచిపోయింది. ర్యాండ్ సంస్థ తన పనిని గురించి తానే విశ్లేషణలు ప్రచురించింది, ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. ఇక్కడ అల్ ఐన్‌లోని తవాం ఆసుపత్రి విషయంలో 2006లో అబుదాబి మరో దారి పట్టింది. నివేదిక వ్రాసి వెళ్లమనకుండా జాన్స్ హాప్కిన్స్ సంస్థకు నిర్వహణ బాధ్యతే అప్పగించింది. సలహా ఇచ్చినవారే రోగుల మధ్య ఉండి ఫలితం చూడవలసి వచ్చింది. దుబాయిలో 2006లో ఏర్పడిన కే.హెచ్.డి.ఏ. సంస్థ 2008-09 విద్యాసంవత్సరం నుంచి ప్రైవేటు బడులను చాలా ఏళ్లపాటు ఏటేటా తనిఖీ చేసి, ఫలితాలను అందరూ చదివేలా ప్రకటించింది. ఆ శ్రేణులను చూసి ఫీజులతో పోల్చుకుంటూ మన ఇళ్లలో జరిగే చర్చలు మీకు తెలిసినవే. తనిఖీ పద్ధతిమీద నాకు కొన్ని ఆక్షేపణలున్నా, నిరుడు చెప్పినది ఈ ఏడు జరిగిందా అని వచ్చి చూసే గుణం నాకు నచ్చింది.

మేము ఎందుకు తిరిగి వెళ్లం? కారణం దుర్బుద్ధి కాదు, లెక్కల పుస్తకం. సలహా సంస్థను నడిపేవాడి సంవత్సరాంత విజయాన్ని కొత్త ఒప్పందాల సంఖ్యతో కొలుస్తారు. పాత పనిని తిరిగి చూడడానికి ఎవరూ రుసుము చెల్లించరు. బృందంలోని చురుకైన యువకులు అప్పటికే మరొక పనిలో ఉంటారు. పైగా మేము వెళ్లి చూస్తే విఫలమైన సంగతి బయటపడుతుంది. అది మాకూ ఇష్టం ఉండదు, మమ్మల్ని పిలిచిన అధికారికీ ఇష్టం ఉండదు. వ్యాపార సంస్థకు సలహా తప్పయితే దాని లాభం తగ్గి ఆ తప్పు తనంత తానే బయటపడుతుంది. ఆరోగ్యం, విద్య, సంక్షేమం అలాంటివి కావు. ఇక్కడ రుసుము చెల్లించేవాడు వేరు, ఫలితం అనుభవించేవాడు వేరు. రోగి, విద్యార్థి, శరణాలయంలోని వృద్ధురాలు మా సమావేశాలకు రారు.

ఒక కార్మిక నివాసంలో ఇది నాకు స్పష్టంగా తెలిసివచ్చింది. తాగునీటి కూలర్లన్నీ పనిచేస్తున్నాయని మా పరీక్షలు చెప్పాయి. ఆంగ్లం, హిందీ భాషలలో తయారుచేసిన ప్రశ్నావళికి కూడా సంతృప్తికరమైన జవాబులే వచ్చాయి. సాయంత్రం మెట్లమీద కూర్చున్న నిజామాబాదు వైపు కుర్రాళ్లతో తెలుగులో మాటలు కలిపితే అసలు సంగతి తెలిసింది. ఆ కూలర్ల నీరు వారు తాగడమే లేదు. ప్లాస్టిక్ వాసన వస్తుందని, జీతంలోంచి డబ్బులు వేసుకుని పెద్ద సీసాలు కొనుక్కుంటున్నారు. “మీరు నీళ్లు బాగున్నాయా అని అడిగారు గాని, తాగుతున్నారా అని అడగలేదు సార్” అన్నాడొకడు. పదిహేనేళ్ల పరిశోధనానుభవం ఉన్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

ఈ అనుభవాల తరువాత మా బృందంలో కొన్ని మార్పులు చేశాను. పని మొదలుపెట్టిన రోజుననే కొలతలు తీసి, ఏ అంకె ఎంతకు మారితే మా సలహా ఫలించినట్లో, ఎంతకు మారకపోతే మేము ఓడినట్లో ముందే వ్రాసి ఇస్తాం. తరువాత మాట మార్చడానికి వీలుండదు. సిఫారసు చేసే ప్రతి పనికీ దాన్ని రోజూ చేసే మనిషి ఎవరో, ఆ పని ఆయన ఉద్యోగ బాధ్యతల పత్రంలో ఉన్నదో లేదో చూస్తాం. లేకపోతే ఆ సిఫారసు చేయం. ఆయన చదివే భాషలో ఒక్క పుట వ్రాస్తాం, మలయాళమైనా, బెంగాలీ అయినా, ఉర్దూ అయినా. మా రుసుములో ఐదవ వంతును పద్దెనిమిది నెలల తరువాత తిరిగి వచ్చి కొలిచి చూపించినప్పుడే తీసుకుంటాం.

ఈ చివరి షరతు వలన మొదటి ఏడాది రెండు ఒప్పందాలు పోయాయి. విచిత్రంగా, డబ్బు తరువాత ఇవ్వవచ్చునన్నందుకు సంతోషించవలసిన వారే అభ్యంతరం చెప్పారు. ఈ ఆర్థిక సంవత్సరంలోనే ఖాతా మూసివేయాలట. తిరిగి వచ్చే సలహాదారు వారి దృష్టిలో తనిఖీ అధికారితో సమానం. మా భాగస్వామి ఒకరు ఇంట్లో పిల్లల ఫీజుల మాటేమిటని నన్ను సూటిగానే అడిగారు. ఆయన ప్రశ్న తప్పనలేను.

శాస్త్రజ్ఞులైన మిత్రులు మరొక ఆక్షేపణ చెబుతారు. ఆసుపత్రి పరీక్షనాళిక కాదు, కొందరు రోగులకు మేలుచేసి కొందరిని పోలిక కోసం వదిలివేయడం ధర్మమా అని. మేలని ముందే రుజువైన దాన్ని నిరాకరించడం అధర్మమే. కాని మనం ఇచ్చే సలహాలలో అధిక భాగం రుజువైనవి కావు, రుజువైనట్లు ధ్వనించేవి. పైగా ఏ పథకమూ అన్ని వార్డులలో, అన్ని బడులలో ఒకేనాడు మొదలుకాదు. ఎలాగూ ముందు వెనుకలుంటాయి. ఆ వరుసను పలుకుబడిని బట్టి కాక లాటరీ వేసి నిర్ణయిస్తే పోలిక దానంతట అదే లభిస్తుంది. ఎవరికీ అన్యాయం జరగదు, ఎవరు ముందన్న పేచీ కూడా తగ్గుతుంది.

ఈ సంచిక చదివేవారిలో పాఠశాలల తల్లిదండ్రుల సంఘాలలో, ఆసుపత్రుల పాలక వర్గాలలో, స్వగ్రామాలలో బడులకూ నీటి శుద్ధి యంత్రాలకూ విరాళాలిచ్చే సంఘాలలో ఉన్నవారు చాలామంది. ఊరికి యంత్రం ఇచ్చి రిబ్బను కత్తిరించి వచ్చిన ఫోటోలు ఇటువంటి సంచికలలోనే ఎన్నో చూశాను. అవి ఇప్పుడు నడుస్తున్నాయా? మీరు ఇచ్చిన దానిని ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఒక్కసారి చూసి రండి. పనిచేయకపోతే ఎందుకు పనిచేయడం లేదో నడిపేవారినే అడిగి, ఆ సంగతి కూడా వచ్చే సంచికలో వ్రాయండి. విజయగాథల పక్కన దానికి ఒక పుట ఇవ్వడానికి సంపాదకులు వెనుకాడరనుకుంటాను.

మొదట చెప్పిన బడికి మేము రుసుము లేకుండా తిరిగి వెళ్లి, జగిత్యాల సోదరుడికి క్లోరిన్ కొలిచే చిన్న పెట్టె ఇచ్చి వచ్చాం. ట్యాంకుకు నీడ వేయించడానికి యాజమాన్యానికి ఇంకొక వేసవి పట్టింది. ఆయన ఒక లెక్కల పుస్తకంలో ప్రతి ఆదివారం ఉదయం తేదీ, కుళాయి సంఖ్య, అంకె వ్రాస్తున్నాడు. కిందటిసారి చూసినప్పుడు పదకొండు కుళాయిలలో తొమ్మిదింటికి 0.2 పైన ఉంది. వ్యాయామశాల పక్కనున్న రెండు కుళాయిలకు ఇంకా రావడం లేదు. గొట్టం పొడవు ఎక్కువ, వాడకం తక్కువ. దానికేం చేయాలో నాకు ఇంకా తెలియలేదు. ఆ రెండింటినీ మూసివేయమని ఆయనే అన్నాడు, పిల్లలు అటు ఎలాగూ వెళ్లరట. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లి చూడాలి.